నాలుగో పేట

తప్పు నాదే. ముందుగా ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలికని ఒప్పుకుంటున్నాను గానీ, ఒప్పుకునే అలవాటు నాకు పుట్టుకతో లేదు. కావాలంటే మా కోడలు భవితను అడగండి, సంతోషంగా చెబుతుంది.

మా మనవరాలు ఇషా, దాని స్నేహితురాలు రుతెండో, ఈ పరాయి దేశంలో మేముండే చాండ్లర్ ఊళ్ళో ఒకే స్కూల్లో తొమ్మిదో తరగతి. ఈ ఏడాది హిస్టరీ పోటీకి ఇద్దరూ కలిసి మాపుంగుబ్వే రాజ్యం మీద ప్రాజెక్టు పెట్టుకున్నారు. ఆఫ్రికాలో బాగా దక్షిణాన, లింపోపో నది పక్కన, ఎనిమిది వందల ఏళ్ళ కిందటి రాజ్యం అది. రుతెండో వాళ్ళమ్మ జింబాబ్వే నుంచి వచ్చిన నర్సు. ఆ రాజ్యం తమ పూర్వీకులదేనని వాళ్ళింట్లో చెప్పుకుంటారట. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆ పిల్ల వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేది. నాకది నచ్చింది. తనవాళ్ళను తలుచుకుని నిటారుగా కూర్చునే పిల్లలు ఈ రోజుల్లో ఎంతమంది?

జనవరి నుంచి మా డైనింగ్ టేబుల్ మీద మేము అన్నం తిన్నది లేదు. దాని నిండా అట్టలు, జిగురు, మ్యాపులు. రుతెండో మ్యాపు మీద ఎర్ర దారాలు అతికించేది. పశువులను తోలుకుని, ఇనుము కరిగించే విద్యను వెంట తెచ్చుకుని, జనం తరాల తరబడి కిందికి నడిచి వచ్చిన దారులట అవి. నీలం దారం మాత్రం నది వెంట తూర్పు సముద్రానికి పోయేది. ఆ దారిన ఏనుగు దంతాలు, బంగారం ఓడలకెక్కేవి. ఓడల్లోంచి నూలు గుడ్డలు, గాజుపూసలు దిగేవి. రాజు కొండ మీద ఉండేవాడు, జనం కొండ కింద ఉండేవారు. అరచేతిలో ఇమిడే బంగారు ఖడ్గమృగం ఒకటి ఆ కొండ మీద సమాధిలో దొరికిందట. దాని ఫోటోను బోర్డు నడిమధ్య పెట్టారు.

ఒకరోజు టీ ఇవ్వడానికి వెళ్ళి ల్యాప్‌టాప్‌లో ఇంకో ఫోటో చూశాను. ఆవగింజకు అన్నలాంటి చిన్న చిన్న పూసలు, నెమలి నీలం రంగు. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఇవి మా ఊరివి గదే!" అన్నాను.

మా ఊరు పాపానాయుడుపేట. శ్రీకాళహస్తి పక్కన. మా ఊళ్ళో పుట్టిన ఎవరికైనా పూసను చూస్తే అది ఎట్లా పుట్టిందో తెలిసిపోతుంది. మా నాన్న కొలిమి ముందు కూర్చుని, కరిగిన గాజు ముద్దలోంచి సన్నటి గొట్టాన్ని చేతికి చెయ్యి మార్చుకుంటూ లాగేవాడు. ఆ గొట్టాన్ని ఆడవాళ్ళు కత్తివాదర మీద పెట్టి ముక్కలు కొట్టేవాళ్ళు. ఆ ముక్కల్లో బూడిద కలిపి పెనంలో వేయిస్తే అంచులు గుండ్రమవుతాయి. బూడిద ఎందుకంటే, రంధ్రం మూసుకుపోకుండా. ఆ తర్వాత గుచ్చడం. ఏడేళ్ళ వయసు నుంచి పెళ్ళయ్యేదాకా నేను ముక్కలు కొట్టాను, పూసలు గుచ్చాను. నా ఎడమ బొటనవేలికి గోరు లేదు, కత్తివాదర దాన్ని మా ఊళ్ళోనే ఉంచేసుకుంది.

ఇదంతా చాండ్లర్‌లో నేను ఎవరికీ చెప్పలేదు. పదకొండేళ్ళ కిందట, ఆయన పోయాక, మా అబ్బాయి శశికాంత్ దగ్గరికి వచ్చిన కొత్తలో తెలుగువాళ్ళ పిక్నిక్‌కి వెళ్ళాను. అక్కడ రిటైరైన గుండె డాక్టరు జానకీదేవి గారు "మీ నాన్నగారు ఏం చేసేవారండీ?" అని అడిగారు. చుట్టూ పట్టుచీరలు, డాక్టర్లు, కలెక్టర్ల కూతుళ్ళు. "గ్లాస్ ఫ్యాక్టరీ ఉండేదండీ" అనేశాను. ఉండేదనడం అబద్ధం కాదు, మాదన్నట్టు చెప్పడమే అబద్ధం. బొటనవేలి సంగతి ఎవరడిగినా కారు తలుపులో పడిందని చెప్పేదాన్ని.

పిల్లల ముందు మాత్రం ఆ రోజు ఆగలేకపోయాను. కొలిమి గురించి, గొట్టాల గురించి, మా ఊరి పూసలు ఓడలెక్కి దేశాలు పోయిన సంగతి గురించి రెండు గంటలు చెప్పాను. మనవాళ్ళకో జబ్బుంది, ప్రపంచంలో ఎక్కడ ఏ గొప్ప కనిపించినా మనదే అనుకోవడం. ఆ జబ్బు నాకు ఇంకో పాలు ఎక్కువ. ఇషాకి నా మాటంటే వేదం. వారం తిరిగేసరికి బోర్డు మీద "మాపుంగుబ్వేని నిలబెట్టిన పాపానాయుడుపేట పూసలు" అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు వెలిశాయి. కొలిముల ఫోటోలకు చోటు చాలక బంగారు ఖడ్గమృగం ఒక మూలకు జరిగింది. రుతెండో దాన్ని జరిపేటప్పుడు నోరు మెదపలేదు. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకూడదని పెంచినట్టున్నారు ఆ పిల్లను. నేను పట్టించుకోలేదు.

ఆ పోటీకి ఒక నియమం ఉంది. సాయం చేసిన పెద్దవాళ్ళ పేరు, వాళ్ళ వృత్తి ఒక ఫారంలో రాసివ్వాలి. "నానమ్మా, నీ వృత్తి ఏం రాయను?" అని ఇషా అడిగింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఒక్క క్షణం తడబడ్డాను. తర్వాత "ఫ్యామిలీ గ్లాస్ ఫ్యాక్టరీ అని రాయి" అన్నాను.

మార్చి మొదటి వారంలో జిల్లా పోటీ. జడ్జి ఒక గడ్డం పెద్దాయన. బోర్డు చదివి, ముందు ఇషాను అడిగాడు. "ఈ పూసలు ఫలానా ఈ ఊరి నుంచే వెళ్ళాయనడానికి ఆధారం ఏమిటి?"

ఆధారం ఏముంది, నానమ్మ చెప్పింది! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అలాంటి పని తెలిసిన ఊళ్ళు తూర్పు సముద్రం చుట్టూ ఎన్నో ఉండేవట. ఏ పూస ఎక్కడిదో పండితులే ఇంకా తేల్చుకుంటున్నారట. ఇషా తల వంచుకుంది.

ఆయన రుతెండో వైపు తిరిగాడు. "పూసలు ఇండియావి, ఓడలు అరబ్బులవి అంటున్నారు. మరి మీ రాజ్యం వాళ్ళు సొంతంగా ఏం చేశారమ్మా?"

ఆయన వెక్కిరింపుగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగాడు. ఆ పిల్ల నోరు తెరిచింది. బోర్డు వైపు చూసింది. బోర్డంతా మా ఊరే ఉంది.

వాళ్ళ విభాగంలో వచ్చినవాళ్ళే తక్కువ కాబట్టి స్టేట్ పోటీకి ఎలాగో పంపారు. కానీ జడ్జి కాగితం మీద ఆ రెండు ప్రశ్నలూ రాసి, కింద గీత గీశాడు. రుతెండోను మా కార్‌లోనే వెనక్కి తీసుకొచ్చాం. వాళ్ళింటి ముందు దిగేటప్పుడు రుతెండో నా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నానమ్మా, మీ ఊరు మా రాజ్యం మొత్తాన్ని మింగేసింది" అంది.

స్టేట్ పోటీకి తాను రానని, ఇషా ఒక్కతే వెళ్ళవచ్చని చెప్పి కారు తలుపు వేసేసింది. ఇషా ఇంటికొచ్చి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక గిన్నెల మీద చూపించాను. నా మీదే అని తెలియడానికి రెండో రోజు సాయంత్రం పట్టింది. ఒక పిల్ల తనవాళ్ళను తలుచుకుని నిటారుగా కూర్చుంటుంటే, మా ఊరి గొప్పతో నేను ఆ వెన్ను వంచేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మూడో రోజు తన కాగితాలు తీసుకుపోవడానికి రుతెండో వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. తనతో నేను మాట్లాడేదంతా నా ఇంగ్లీషులోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, ఇంగ్లీషులో అంత బాగుండదు.

"తప్పు నాది పాపా. కోపం నామీద చూపించు, ఇషా మీద వొద్దు. లోపలికి రా, ఆ కాగితాలన్నీ నాకొకసారి చూపించు. ఈసారి నేను నోరు తెరవను, చూస్తానంతే" అన్నాను.

వచ్చింది. ఒక్కొక్క కాగితమే తిప్పుతూ ఉంది. అందులో ఇదివరకు నేను చూడని ఫోటో ఒకటి వచ్చింది. కుంకుడుగింజంత పూస. మొద్దుగా, ఒక పక్క వాలిపోయి, లోపల బుడగలతో ఉంది. పక్కనే పగిలిన మట్టి అచ్చు ముక్కలు.

నోరు తెరవనన్న మాట నాలుగు నిమిషాలు కూడా నిలబడలేదు. "ఇదెవురు చేసినారు? ఇంత మొద్దుపని!" అన్నాను.

"మా వాళ్ళే" అంది రుతెండో, పళ్ళ మధ్య నుంచి.

మాపుంగుబ్వే కొండకు కూతవేటు దూరంలో అంతకంటే పాత ఊరొకటి ఉందట. అక్కడ తవ్వినప్పుడు దొరికాయట. నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. నీలంలో సన్నటి చారలు కనిపించాయి. ఒక్క ముద్దలోంచి వచ్చిన గాజులో చారలు అలా ఉండవు. చిన్న చిన్న పూసలు ఒకదాన్నొకటి కరుచుకుని కరిగితేనే అలా వస్తాయి. ఓడ దిగిన పూసలను మట్టి అచ్చులో పోసి, కరిగించి, వాళ్ళకు కావలసిన పెద్దపూస వాళ్ళు చేసుకున్నారు.

"పాపా, ఇట్లాంటిది మా ఊళ్ళో ఎవరికీ రాదు. మా నాయనకి కూడా రాదు" అన్నాను.

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. ఏడిపిస్తున్నానేమోనని అనుమానం.

"వట్టిమాట కాదు. మేము లాగుతాం, కొడతాం, వేయిస్తాం. పూసల్ని కరిగించి పూస చెయ్యడం వినను కూడా లేదు. నిన్ను అడిగినాడే ఆ గడ్డమాయన, మీవాళ్ళు ఏం చేసినారని. ఇదిగో, ఇది చేసినారు. మనం కూడా చేసి ఆయన చేతిలో పెడదాం."

స్టేట్ పోటీకి ఇరవై రెండు రోజులున్నాయి.

మా పెరట్లో అంతా కంకరే. గోడ పక్కన ఇటుకలు పేర్చి పొయ్యి కట్టాను. బార్బెక్యూ బొగ్గులు, కొలిమితిత్తికి బదులు భవిత హెయిర్ డ్రయ్యర్, దానికొక ఇనప గొట్టం. శశికాంత్ కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ఆఫీస్ నుంచి వచ్చి పొయ్యిని చూసి తల పట్టుకున్నాడు.

"అమ్మా, కాలనీ సంఘం హెచ్‌వోఏ వాళ్ళు లెటర్ పంపిస్తారే. ఫైర్ గీర్ ఏమన్నా అయితే?"

"నీళ్ళ పైపు పట్టుకుని ఈడ నిలబడు. నీ చదువుకి అదే పని" అన్నాను. పాపం, ప్రతిసారీ నిలబడ్డాడు.

మొదట క్రాఫ్ట్ షాపులో కొన్న పూసలు వేశాం. పైన రంగు పూతేమో, నల్లటి పొగ వచ్చి బొగ్గులాంటి ముద్ద మిగిలింది. ఇంకో రకం తెప్పిస్తే అదీ అంతే.

"మన దగ్గర అచ్చం అలాంటి పూసలు ఉంటే బాగుండు" అంది ఇషా.

ఉన్నాయి. నా పెట్టెలో, పెళ్ళిచీర మడతల మధ్య, నాలుగు పేటల దండ ఉంది. నాన్న లాగిన గొట్టం, అమ్మ గుచ్చిన పేటలు, నెమలి నీలం. అత్తవారింటికి పంపేటప్పుడు అమ్మ నా మెడలో వేసింది. బంగారం పెట్టే తాహతు లేదు వాళ్ళకు. అమ్మ ముడి ఒక రకంగా ఉంటుంది, రెండుసార్లు తిప్పి లోపలికి దూర్చేది. ఆ ముళ్ళను నేను ఇన్నేళ్ళలో ఎన్నడూ విప్పలేదు.

ఒక పేట తీస్తే మూడు మిగులుతాయి కదా అనుకుని తెచ్చాను. ముడి విప్పి పూసలన్నీ గిన్నెలోకి జార్చాను. పేటకు ఒక పెద్దపూస వస్తుంది.

మట్టి అచ్చు చేశాం, మధ్యలో రంధ్రం కోసం మట్టి పుల్ల నిలబెట్టాం. మట్టికి బూడిద పూయడం మా ఊరి తెలివి. గాజు అంటుకోదు, అది నాకు తెలుసు. పొయ్యి ఎర్రబడింది, తెల్లబడింది. పూసలు కూలబడి ముద్దయ్యాయి. నా వయసు యాభై ఏళ్ళు వెనక్కి పోయింది. పటకారుతో అచ్చు తీసి, కొట్టి, పూసను కంకర మీదికి దొర్లించాను, మా ఊళ్ళో దొర్లించినట్టే. ఎర్రగా మెరిసింది. పిల్లలు కేక పెట్టారు. అంతలో టిక్కుమంది. రెండు ముక్కలు.

"మట్టి మంచిది కాదు" అన్నాను. మట్టి మార్చాం, రెండో పేట విప్పాను. మళ్ళీ దొర్లించాను. మళ్ళీ టిక్కు. ఈసారి మూడు ముక్కలు.

"ఈ దేశం బొగ్గు మంచిది కాదు" అన్నాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

రుతెండో ముక్కలు ఏరుకుంటూ అడిగింది. "నానమ్మా, మీ ఊళ్ళో పూసల్ని ఎలా చల్లారుస్తారు?"

"చల్లార్చేది ఏముంది? కింద పోస్తాం. టీ తాగి వొచ్చేలోపు చల్లబడి ఉంటాయి."

"అవి ఆవగింజలంత కదా."

ఆ పిల్ల ఫోటోలో అచ్చు ముక్కలను వేలితో చూపించింది. "ఒక్క పూస కోసం గోడలు ఇంత మందంగా ఎందుకు కట్టారు? పైగా ప్రతిదానికీ కొత్త అచ్చు. పగలగొట్టేదానికి ఇంత మట్టి ఎందుకు?"

ఆ మందం చూసి నేను రెండు వారాలుగా లోపల్లోపల నవ్వుకుంటున్నాను, పనితనం తెలియక మట్టి దండగ చేశారని. ఇప్పుడు నవ్వు రాలేదు. ఆ గోడ ఆకారం కోసమే కాదేమో. చంటిపిల్లకు దుప్పటి చుట్టినట్టు చుట్టి, లోపలి వేడిని మెల్లగా, చాలా మెల్లగా పోనిచ్చారేమో. చిన్నపూసకు ఓపిక అక్కర్లేదు, అందుకే మా ఊరికి ఓపిక రాలేదు. పెద్దపూస ఓపిక అడుగుతుంది. ఎవరూ చెప్పకుండా, ఎన్ని పగిలాక ఆ సంగతి కనిపెట్టారో ఆ మనుషులు! వాళ్ళెవరో నాకు తెలియదు గానీ, పొయ్యి ముందు కూర్చున్నవాళ్ళకు పొయ్యి ముందు కూర్చున్నవాళ్ళంటే ఉండే గౌరవం ఒకటుంది. అది ఆ రోజు నాకు కలిగింది.

మూడో పేట మందపాటి అచ్చులో పోశాం. కరిగాక అచ్చునలాగే వేడి బూడిదలో పూడ్చాం. రేపు పొద్దున్న దాకా ముట్టుకోకూడదని రుతెండో చెప్పి వెళ్ళింది.

సాయంత్రం నాలుగింటికి నేను పెరట్లో ఒంటరిగా ఉన్నాను. బూడిద మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. చల్లారినట్టేలే అనుకున్నాను. నా సంగతి మీకు తెలిసిందేగా. తవ్వి, సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాను. లోపల పూస చెక్కు చెదరకుండా, నీలంగా ఉంది. రెండు క్షణాలు చూశాను. టిక్కుమంది.

ఇషా వచ్చి చూసి ఏడ్చేసింది. "నానమ్మా, వై? వెయిట్ చేయమని చెప్పాం కదా!" రుతెండో ఏడవలేదు. మిగిలిన దండ వైపు చూసింది. దానిలో ఇక ఒక్క పేటే ఉంది. ఆ పేట కొసన అమ్మ ముడి ఉంది.

"అది వద్దు నానమ్మా. పగిలినవే చూపిస్తాం. అది మీ అమ్మది" అంది.

నాకు ఇవ్వబుద్ధి కాలేదు. ఉన్నమాట చెబుతున్నాను. ఆ రాత్రి ఆ పేట మెడలో వేసుకునే పడుకున్నాను. అమ్మ చేతులు కాలి, కాయలు కాసి ఉండేవి. ఆ చేతులు మిగిల్చినది ఇదొక్కటే. కానీ ఆ రోజు కారు దిగుతూ "మీ ఊరు మా రాజ్యాన్ని మింగేసింది" అన్న పిల్లే ఈరోజు "అది మీ అమ్మది" అంటోంది. మింగింది కక్కాల్సింది నేనే. అమ్మ ఉంటే ఏమనేదో నాకు తెలుసు. "పూసలు పెట్టెలో పెట్టుకునేదానికా నేను గుచ్చింది?" అనేది.

పొద్దున్నే రుతెండో చేతిలో పేట పెట్టాను. "ముడి నువ్వే విప్పు. పొయ్యి దగ్గరికి నేను రాను. మీరిద్దరే చెయ్యండి" అన్నాను.

వంటింటి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. వాళ్ళ పనిలో ఒక్క తొందర లేదు. అచ్చును బూడిదలో పూడ్చి, పైన ఇంకో పొర ఇటుకలు పేర్చి, "నానమ్మకు ప్రవేశం లేదు" అని అట్ట రాసి పెట్టారు. ఆ రోజంతా, ఆ రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరూ ముట్టలేదు. నా జీవితంలో అంతసేపు ఊరికే కూర్చోవడం అదే మొదలు.

మర్నాడు రుతెండో అచ్చు పగలగొట్టింది. ఒక దెబ్బ పక్కకు జారి బొటనవేలికి తగిలి రక్తం వచ్చింది. పట్టించుకోలేదు. మట్టి రాలి, లోపల నుంచి పూస బయటపడింది. కుంకుడుగింజంత, ఒక పక్క వాలిపోయి, లోపల రెండు బుడగలతో, నెమలి నీలం. మేము నలుగురం ఊపిరి బిగబట్టి టిక్కు కోసం విన్నాం. రాలేదు. శశికాంత్ చేతిలో నీళ్ళ పైపు మాత్రం కారుతూనే ఉంది.

పోటీ ముందు రోజు ఇషా ఫారం ముందు పెట్టుకుని కూర్చుంది. "నానమ్మా, వృత్తి సేమ్ రాయనా?"

"వొద్దు. ఉన్నది రాయి" అని, ఉన్నదేమిటో చెప్పాను. ఇషా ఒకసారి నా వేలి వైపు చూసి, అలాగే రాసింది.

స్టేట్ పోటీ పక్క ఊరు టెంపీలో, యూనివర్సిటీ హాల్లో. బోర్డు మీద ఇప్పుడు బంగారు ఖడ్గమృగం నడిమధ్యకు వచ్చింది. ఎర్ర దారాలు, నీలం దారం అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. మా ఊరు కింద ఒక మూల, "ఇలాంటి పని నేటికీ తెలిసిన ఊళ్ళలో ఒకటి" అన్న ఒక్క వాక్యంలో ఉంది. ఉన్నమాట అంతే కదా. నా పక్క కుర్చీలో జానకీదేవి గారు కూర్చున్నారు, వాళ్ళ మనవడు ఆరుష్ కూడా పోటీలో ఉన్నాడు.

ఈసారి జడ్జి పొట్టి జుట్టు ఉన్న ఒక ఆవిడ. పాత కాగితంలో గీత గీసిన ప్రశ్నే మళ్ళీ అడిగింది. "ఈ రాజ్యం వాళ్ళు సొంతంగా ఏం చేశారు?"

రుతెండో వెన్ను నిటారుగా పెట్టింది. పూస తీసి ఆవిడ అరచేతిలో పెట్టింది. "ఇది" అంది. దేశం దాటి వచ్చిన చిన్నపూసలను తమకు కావలసినట్టు మార్చుకోవడానికి ఎంత వేడి కావాలో, ఎంతసేపు ఆగాలో వాళ్ళే కనిపెట్టారని, తాము నాలుగోసారికి గానీ నేర్చుకోలేకపోయామని చెప్పింది.

ఆవిడ బోర్డు ముందు వరుసగా పెట్టిన ముక్కలను చూసింది. "మరి ఇవి?"

"అవి మా నానమ్మ చేసినవి" అంది రుతెండో. హాల్లో చుట్టుపక్కల వాళ్ళంతా నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

జడ్జి ఫారం తిప్పి చదివింది. "దమయంతి. వృత్తి, గాజు గొట్టాలు కొట్టి పూసలు గుచ్చే కూలి. ఈవిడ ఇక్కడున్నారా?"

జానకీదేవి గారు నా వైపు తిరిగారు. "అదేంటండీ, మీది గ్లాస్ ఫ్యాక్టరీ అన్నారుగా?"

"కాదండీ. మా నాయన కొలిమి దగ్గర కూలి. మా అమ్మ కూలి. నేనూ కూలే" అన్నాను. గొంతు తగ్గించలేదు. లేచి నిలబడి, గోరు లేని బొటనవేలు హాలంతటికీ కనిపించేలా పైకెత్తాను.

బోర్డు పక్కనుంచి రుతెండో కూడా తన బొటనవేలు పైకెత్తింది. దానికింకా బ్యాండెయిడ్ ఉంది.